ఇంటిపన్నులో బడి ఎక్కడ?

సాహిత్య విమర్శ కోసం నడుస్తున్న పత్రికలో ఇంటిపన్ను గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యంలో తప్పులేదు. కాని బడి మన కథలకీ నవలలకీ కొత్త వస్తువు కాదు. కారే కప్పు కింద కూర్చున్న పిల్లలు, ఇద్దరు చెయ్యవలసిన పని ఒక్కడే చేస్తున్న పంతులు, ఫీజు కట్టలేక చదువు మానేసిన కుర్రవాడు, వీళ్ళందరూ మన సాహిత్యంలో ఉన్నారు. మధ్యతరగతి కుటుంబానికీ చదువుకీ ఉన్న సంబంధాన్ని కొడవటిగంటి కుటుంబరావు "చదువు" నవలలో పరిశీలించాడు. అయితే ఆ కప్పు ఎందుకు కారుతున్నది, దాన్ని బాగుచెయ్యవలసిన డబ్బు ఎవరి జేబులోంచి బయలుదేరాలి, ఏ ఖజానా మీదుగా రావాలి అన్న ప్రశ్నను మనం చాలావరకు ఆర్థికశాస్త్రజ్ఞులకి వదిలేశాం.

దీనివల్ల సాహిత్యానికి జరిగే నష్టం చిన్నది కాదు. కారణం తెలియనప్పుడు రచయిత ఎదురుగా కనిపించే మనిషిని దోషిగా నిలబెడతాడు. బడి పాడైందంటే పంతులు సోమరి అయివుండాలి, లేదా హెడ్మాస్టరు డబ్బు తినివుండాలి. వ్యవస్థలో ఉన్న లోపం కథలోకి వచ్చేసరికి వ్యక్తి స్వభావంగా మారిపోతుంది. ఈ వ్యాసంలో నేను చెయ్యదలచుకున్నది ఒక్కటే: నేనుంటున్న ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని, స్థానిక పన్నుకీ స్థానిక బడికీ మధ్య ఉండవలసిన సంబంధం ఎలా తెగిపోయిందో వివరించటం.

ఒక పేట, మూడు రకాల బడులు

హైదరాబాదుకి తూర్పున ఉన్న ఏఎస్ రావు నగర్ ప్రభుత్వరంగ పరిశ్రమ నీడలో పెరిగిన పేట. 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకి, అంటే ఇ.సి.ఐ.ఎల్.కి, ఆద్యుడైన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేరే దీనికి పెట్టారు. పక్కనే అణు ఇంధన సముదాయం ఉంది. చుట్టూ చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలు. మరికొంచెం దూరంలో ఉప్పల్. కర్మాగారాలతో పాటు కార్మికులు వచ్చారు, ఇంజనీర్లు వచ్చారు, వాళ్ళ ఇళ్ళు కట్టిన తాపీ మేస్త్రీలు, ఆ ఇళ్ళలో అంట్లు తోమిన ఆడవాళ్ళు వచ్చారు. వీళ్ళందరికీ పిల్లలున్నారు. ఆ పిల్లలు వెళ్ళే బడులు మాత్రం వేరువేరు.

మొదటి రకం, అణుశక్తి శాఖ ఉద్యోగుల పిల్లల కోసం ఆ శాఖ పరిధిలోని విద్యాసంఘం నడిపే సెంట్రల్ స్కూలు. దాని ఖర్చు కేంద్రప్రభుత్వానిది. రెండో రకం, ప్రధాన రహదారి వెంబడి అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన ప్రైవేటు బడులు. వాటి ఖర్చు తల్లిదండ్రులది. మూడో రకం, పాత ఊళ్ళ మధ్య మిగిలిన ప్రభుత్వ బడులు. కాప్రా, నాచారం, ఉప్పల్ వైపు వాటి బోర్డులు చూడండి: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. చుట్టూ మహానగరం, బోర్డు మీద మాత్రం మండల పరిషత్తు!

ఈ బోర్డుల్లో చరిత్ర ఉంది. 1959 నాటి పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం ప్రాథమిక పాఠశాలలని సమితులకీ, ఉన్నత పాఠశాలలని జిల్లా పరిషత్తులకీ అప్పగించింది. 1980లలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. తర్వాత ఈ ఊళ్ళు కాప్రా, ఉప్పల్ కలాన్ పురపాలక సంఘాల్లో భాగమయ్యాయి. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలనీ 8 గ్రామపంచాయతీలనీ కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు ఆ రెండూ అందులో కలిసిపోయాయి. ఊరు నగరంలో కలిసింది. చెరువు కలిసింది, శ్మశానం కలిసింది, పన్ను కట్టవలసిన ప్రతి గోడా కలిసింది. బడి మాత్రం కలవలేదు.

డిమాండు నోటీసుని ఎలా చదవాలి?

పద్యాన్ని ప్రతిపదార్థంతో చదవటం మనకి అలవాటే. ఇంటిపన్ను నోటీసుని కూడా అలాగే చదవాలి. దీనికి ఆధారం 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. ఇంటికి నెలకి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి, దాన్నిబట్టి పన్ను కడతారు. నెల అద్దె విలువ 50 రూపాయల లోపైతే పన్ను లేదు. 51 నుంచి 100 వరకు 17 శాతం, 200 వరకు 19, 300 వరకు 22, ఆ పైన 30 శాతం. సాధారణ పన్ను, నీటి పన్ను, మురుగు పన్ను, దీపాల పన్ను, పారిశుధ్య పన్ను, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

సులువైన లెక్క ఒకటి వేద్దాం. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకి నెలకి ఒక రూపాయి చొప్పున విలువ కట్టారనుకుందాం. సంవత్సరానికి 12,000 రూపాయలు. దానిలో 30 శాతం 3,600. పదిశాతం తరుగుదల తీసేస్తే 3,240. దీనిమీద ఎనిమిది శాతం గ్రంథాలయ సెస్సు, 259 రూపాయల 20 పైసలు. మొత్తం 3,499 రూపాయల 20 పైసలు.

ఈ లెక్కలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, నెల అద్దె విలువ 300 రూపాయలు దాటితే ఎంత దాటినా రేటు అదే 30 శాతం. ఉన్నవాడు ఎక్కువ రేటున కట్టాలన్న సూత్రం ఈ శ్లాబుల్లో ఉన్నట్టే కనిపిస్తుంది. కాని మూడువందల రూపాయల దగ్గరే అది ఆగిపోతుంది. అక్కడినుంచి చిన్న అపార్టుమెంటూ పెద్ద భవంతీ ఒకే శాతంలో ఉంటాయి.

రెండవది మన వ్యాసానికి ముఖ్యమైనది. ఆ పద్దుల్లో దీపం ఉంది, మురుగుకాలవ ఉంది, చెత్త ఉంది. గ్రంథాలయం కూడా ఉంది. బడి లేదు. పెద్దవాడు పేపరు చదువుకునే గదికి వాటా పెట్టిన చట్టం, వాడి పిల్లవాడు అక్షరాలు దిద్దుకునే గదికి వాటా పెట్టలేదు.

ఇది అన్నిచోట్లా ఇలా లేదు. చెన్నై నగరపాలక సంస్థ ఆస్తిపన్నులో విద్యాపన్ను ఒక భాగం. మహారాష్ట్రలో 1962 చట్టం ప్రకారం పట్టణ ఆస్తుల మీద విద్యా సెస్సు వేస్తారు. ముంబై, చెన్నై నగరపాలక సంస్థలు సొంతంగా బడులు నడుపుతున్నాయి. కోస్తా ఆంధ్రలో విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం వంటి పట్టణాల్లో మునిసిపల్ హైస్కూళ్ళలో చదివినవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లోనే చాలామంది ఉంటారు. మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టం స్థానిక సంస్థలకి విద్యాపన్ను వేసుకునే అధికారం ఇచ్చింది. ఆ మునిసిపల్ బడులు ఆ పాలనా సంప్రదాయం నుంచి వచ్చినవి. నిజాం పాలనలో ఉన్న హైదరాబాదు వేరే దారిన నడిచింది. ఇక్కడ చదువు సర్కారు శాఖ వ్యవహారం. ఆ తేడా నేటికీ చెరిగిపోలేదు.

రెండు వాక్యాల మధ్య జారిపోయిన బడి

సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. 1992లో పార్లమెంటు 73, 74 రాజ్యాంగ సవరణలని ఆమోదించింది. మొదటిది పంచాయతీల గురించి, రెండవది పట్టణ సంస్థల గురించి. పంచాయతీలకి అప్పగించదగిన విషయాల జాబితా పదకొండవ షెడ్యూలు. అందులో 17వ అంశం విద్య; ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు అందులో భాగమని స్పష్టంగా రాశారు. పట్టణాల జాబితా పన్నెండవ షెడ్యూలు. అందులో 13వ అంశం ఏమంటుంది? సాంస్కృతిక, విద్యా, సౌందర్యపరమైన అంశాలని ప్రోత్సహించటం అంటుంది. పాఠశాల అన్న మాటే లేదు.

అంటే పల్లె పంచాయతీకి బడి ఒక బాధ్యతగా రావచ్చు. ఆ పల్లె పట్టణమైతే ఆ బడి సౌందర్యంతో పాటు ప్రోత్సహించవలసిన ఒక "అంశం"గా పలచబడుతుంది. మాట మారితే మనిషి బ్రతుకు ఎలా మారుతుందో చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ చిక్కుని మరింత పెంచింది. ఆ చట్టం 9వ సెక్షను ప్రకారం పిల్లలకి దగ్గరలో బడి ఉండేట్టు చూడటం, తన పరిధిలో నివసించే 14 ఏళ్ళలోపు పిల్లల వివరాలు నమోదు చెయ్యటం స్థానిక సంస్థ విధి. నగరపాలక సంస్థ కూడా స్థానిక సంస్థే. నిధుల బాధ్యత మాత్రం 7వ సెక్షను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద ఉమ్మడిగా పెట్టింది. చివరికి హైదరాబాదులో ఏం తేలింది? బోర్డు మీద పేరు జిల్లా పరిషత్తుది. పంతులు జీతం రాష్ట్రప్రభుత్వానిది. చట్టం చెప్పిన విధి స్థానిక సంస్థది. ఇంటిపన్ను వసూలు నగరపాలక సంస్థది. కప్పు కారితే ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్న ఊహలోంచి పుట్టింది కాదు. 2020లో కోవిడ్ కారణంగా మూతపడిన బడులు తిరిగి తెరిచినప్పుడు, తెలంగాణలో బడుల పారిశుధ్య కార్మికులని మళ్ళీ తీసుకోలేదు. ఆ పనిని పంచాయతీల, పురపాలక సంఘాల సిబ్బందికి అప్పగించారు. తమ వార్డుల పనితోనే తలమునకలైన ఆ సిబ్బంది బడికి రోజూ రాలేకపోతున్నారని ఉపాధ్యాయ సంఘాలు ఆందోళన చేశాయి. విద్యార్థుల సంఖ్యని బట్టి పారిశుధ్యానికి విడిగా గ్రాంటు ఇవ్వటం 2024లో గాని మొదలుకాలేదు. నడుమ ఉన్న కాలంలో మరుగుదొడ్డి శుభ్రం లేక బడి మానుకున్న ఆడపిల్ల గురించి కథ రాసే రచయిత, దోషిగా హెడ్మాస్టరుని నిలబెట్టేముందు ఈ బాధ్యతల చిక్కుముడిని తెలుసుకోవాలి.

పన్నుని బడికి కట్టేస్తే సరిపోతుందా?

అయితే పరిష్కారం సులభమేనని కొందరు అంటారు. ఏ పేట ఇంటిపన్ను ఆ పేట బడికే ఇస్తే సరి. ఏఎస్ రావు నగర్‌లో ఈ వాదన నేను తరచు వింటాను. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు. అక్కడ ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్టు ఎలాంటిదో చూస్తారని, అక్కడి బడి ఇంటిపన్ను మీద నడుస్తుందని, అందుకే బాగుంటుందని చెబుతారు. ఈ మాట సగమే నిజం. మిగిలిన సగం టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో దొరుకుతుంది.

ఆ నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పాఠశాల జిల్లా మెక్సికన్ సంతతి శ్రామికులది. అలామో హైట్స్ అనే మరో జిల్లా సంపన్నులది. 1967-68లో ఎడ్జ్‌వుడ్ ప్రజలు ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకి 1.05 డాలర్ల పన్ను కట్టారు. దానివల్ల ఒక్కో విద్యార్థికి వచ్చింది 26 డాలర్లు. అలామో హైట్స్ ప్రజలు కట్టింది 0.85 డాలర్లే. వచ్చింది మాత్రం ఒక్కో విద్యార్థికి 333 డాలర్లు. పేదలు ఎక్కువ రేటున పన్ను కట్టి తక్కువ చదువు కొనుక్కున్నారు. రాష్ట్ర, కేంద్ర నిధులు కలిపిన తర్వాత కూడా తేడా 356కీ 594కీ మధ్య ఉండిపోయింది. డెమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో వాళ్ళ వాదనని తోసిపుచ్చింది. విద్య అక్కడి సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నది.

మన దేశంలో న్యాయస్థానం చెప్పింది దీనికి భిన్నంగా ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో, 14 ఏళ్ళ వరకు విద్య పౌరుడి హక్కు అని మన సుప్రీంకోర్టు ప్రకటించింది. 2002లో 86వ సవరణ ద్వారా అది 21ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేరింది. హక్కు విషయంలో మనం ముందున్నాం. ఆ హక్కుకి డబ్బు సమకూర్చే విషయంలోనే వెనకబడి ఉన్నాం.

కనుక ఏ పేట పన్ను ఆ పేట బడికి అన్న సూత్రం అభ్యుదయకరమైనది కాదు. దాన్ని ఇక్కడ అమలుచేస్తే ఏఎస్ రావు నగర్‌కి మంచి బడీ, నాచారం కార్మికవాడకి రేకుల షెడ్డూ మిగులుతాయి. పైగా ఏఎస్ రావు నగర్ ఆస్తి విలువ ఎక్కడినుంచి వచ్చింది? కర్మాగారాల్లో పనిచేసినవాళ్ళ శ్రమలోంచి, ప్రజాధనంతో పెట్టిన పరిశ్రమల్లోంచి వచ్చింది. ఆ విలువ మీద వచ్చే పన్నుకి ఒక్క పేట మాత్రమే హక్కుదారు ఎలా అవుతుంది? 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వాంగ్మూలంలో జోతీరావు ఫూలే సరిగ్గా ఇలాంటి ప్రశ్నే వేశాడు. సర్కారు ఆదాయంలో అధికభాగం రైతుకూలీల చెమట నుంచి వస్తుంటే, దాన్ని పైవర్గాల ఉన్నతవిద్య మీద ఖర్చుపెట్టటం ఏమి న్యాయమని అడిగాడు.

తగ్గింపు ఎవరికి కానుక?

బంధం తెగిపోతే రాజకీయాల్లో ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. 2015 డిసెంబరులో, సంవత్సరానికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను కట్టేవాళ్ళు ఇకనుంచి 101 రూపాయలు కడితే చాలని ప్రకటించారు. 2016 ఫిబ్రవరిలో నగరపాలక సంస్థ ఎన్నికలు. 2020 నవంబరులో, దీపావళి కానుకగా, 15,000 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్నవాళ్ళకి ఆ ఏడాది సగం రాయితీ ఇచ్చారు. డిసెంబరు 1న ఎన్నికలు.

మొదటి రాయితీ పేదవాడి ఇంటికి న్యాయమే. కాని 15,000 రూపాయల పరిమితి మధ్యతరగతి పై అంచుని కూడా తాకింది. పైగా రాయితీ ఇంటి యజమానికి అందింది. అద్దె రూపంలో ఆ పన్నుని నిజంగా మోస్తున్న ఒంటిగది కుటుంబానికి ఒక్క రూపాయీ తగ్గలేదు. అయినా ఆ రోజుల్లో పన్ను సగమైతే ఎన్ని తరగతి గదులు తగ్గుతాయన్న ప్రశ్న మా పేటలో ఎవరూ వెయ్యగా నేను వినలేదు. ఎందుకంటే తగ్గేవి ఏమీ లేవు. పన్నుకి బడి కనిపించదు, బడికి పన్ను కనిపించదు. రోడ్డు గుంతపడితే "పన్ను కడుతున్నాం" అని గొంతెత్తే మధ్యతరగతి, ప్రభుత్వ బడి మూతపడితే ఆ మాట అనదు. తన పిల్లవాడు అక్కడ లేడు, తన పన్నూ అక్కడ లేదు.

ఇక మిగిలింది రాష్ట్ర ఖజానా. 2025-26 తెలంగాణ బడ్జెట్టు 3,04,965 కోట్లు. విద్యకి కేటాయించింది 23,108 కోట్లు. రూపాయికి ఏడున్నర పైసలు. 2022లో "మన ఊరు మన బడి" పేరుతో 26,065 బడులని మూడు విడతల్లో 7,289 కోట్లతో బాగుచేస్తామన్నారు. పట్టణాల్లో దాని పేరు "మన బస్తీ మన బడి". ప్రభుత్వం మారింది, 2024లో ఆ పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకి వెళ్ళాయి. ఏ పేరుతో వచ్చినా అది పైనుంచి దిగివచ్చే పథకం. పథకం పేరు మారితే పని ఆగుతుంది. హక్కుకి ఆ గతి పట్టకూడదు.

ఏమి కోరాలి?

వంద సంవత్సరాల క్రితమే ఈ చర్చ మన దేశంలో జరిగింది. 1911లో గోపాలకృష్ణ గోఖలే ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు, స్థానిక సంస్థలు విద్యాపన్ను వేసి నిర్బంధ విద్యని అమలుపరచవచ్చునన్నది. 1912 మార్చిలో శాసనమండలి దాన్ని 38-13 ఓట్లతో ఓడించింది. తెల్లదొరలతో పాటు మన జమీందారీ ప్రయోజనాలు కూడా ఆ ఓటమిలో పాలుపంచుకున్నాయి. పన్ను అంటే భయపడింది చదువు అక్కరలేని పేదవాడు కాదు, పేదవాడి చదువు అక్కరలేని ధనికుడు.

ఈ అనుభవాలన్నిటి నుంచి నాకు తోచిన నిర్ణయం ఇది. ఇంటిపన్నులో బడికి వాటా ఉండాలి. అది నగరమంతటా ఒకే నిధిగా పోగవ్వాలి. పెద్ద ఆస్తి పెద్ద రేటున కట్టాలి. ఖర్చు మాత్రం పేట సంపదని బట్టి కాకుండా పిల్లల సంఖ్యనీ అవసరాన్నీ బట్టి జరగాలి. ఇది రాష్ట్ర బడ్జెట్టుకి అదనంగా ఉండాలి, దాన్ని తగ్గించటానికి సాకు కాకూడదు.

వాటా రాసినంతమాత్రాన సరిపోదన్న హెచ్చరిక కూడా ఆ నోటీసులోనే ఉంది. గ్రంథాలయ సెస్సుకి చట్టముంది, లెక్కముంది, వసూలూ ఉంది. అయినా వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకి పూర్తిగా, సకాలంలో అందటం లేదన్నది ఏళ్ళ తరబడి వినిపిస్తున్న ఫిర్యాదు. పుస్తకాలు కొనవలసిన డబ్బు వేరే అవసరాల కింద నిలిచిపోతే, రచయితలమైన మనమే గట్టిగా అడగలేదు. కాబట్టి చట్టం కాగితం మీద ఉండటమే కాదు, కాపలా జనం చేతిలో ఉండాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా ఆ తల్లులు చదవగలిగేట్టు బడి గోడ మీద తెలుగులో రాసివుండాలి.

1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ ఒక సూక్ష్మమైన తేడా చూపించాడు. బడి ఖర్చునీ, ఉపాధ్యాయుల అర్హతలనీ చట్టం ద్వారా నిర్ణయించటం వేరు, ప్రభుత్వమే ప్రజలకి గురువై కూర్చోవటం వేరు అన్నాడు. డబ్బు సమాజానిది కావాలి, అజమాయిషీ ప్రజలది కావాలి. మన దగ్గర రెండూ లేవు.

రచయితలకి నా విన్నపం ఒక్కటే. బడి మీద ఈసారి కథ రాసేటప్పుడు పంతులు ముఖం దగ్గర ఆగిపోకండి. ఆ గది కప్పు ఏ పద్దు కింద వేశారో, దానికి మరమ్మతు ఏ పద్దు కిందా ఎందుకు లేదో తెలుసుకోండి. ఆ పద్దుని నిర్ణయించే చోట ఎవరు కూర్చున్నారో, ఎవరిని కూర్చోనివ్వలేదో చూడండి. కథలో శత్రువు అప్పుడు సరైన చోట నిలబడతాడు. పంతులు కూడా, ఆ పిల్లల పక్కన, తన నిజమైన స్థానంలో కనిపిస్తాడు.